ఇంటిపేరు కస్తూరివారు

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని మన సంఘ కార్యదర్శిగారు కోరినపుడు, జర్మను దేశపు తెల్ల వైనులను రుచిచూచు విధమును గూర్చి వ్రాసెదమని చెప్పితిమి. వారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "తాము త్యాగరాజస్వామివారిని గూర్చియో, తంజావూరు నాయకరాజులను గూర్చియో వ్రాయుదురని అనుకొంటిమండీ" అనిరి. త్యాగరాజస్వామివారిని గూర్చి వ్రాయుటకు మాకంటె అర్హులు ఈ సంఘమున పదుగురు గలరు. జర్మను వైనుల పేర్లను ముప్పదియేడేండ్లు అక్షరమక్షరముగ వ్రాసినవారము మేమొక్కరమే. ఎవరికి తెలిసినది వారు చెప్పవలెను గదా!

అయినను మాపై రెండు వైపులనుండి ఆక్షేపణలు వచ్చునని యెరుగుదుము. పెద్దలు, "సంస్కృతిని గూర్చిన సంచికలో మద్యమా?" అందురు. పడుచువారు, "జర్మను తెల్ల వైనా? అది తీపి పానకము, తెలిసినవారెవరును దానిని ముట్టరు" అందురు. మొదటివారికి వినయముతోను, రెండవవారికి కొంచెము కోపముతోను సమాధానము చెప్పెదము.

మద్యము మూలమున కూలిన కాపురములను మేమును చూచితిమి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై లేవనెత్తిన పోరాటము రాష్ట్రమంతయు వ్యాపించి, 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసినది. ఆ నిషేధము 1997లో సడలింపబడినను, ఆ తల్లుల యెదుట మేము నేటికిని చేతులు జోడించియే నిలుతుము. త్రాగనివారిని త్రాగుడని ఈ వ్యాసము చెప్పదు. ఇది ఆరోగ్యమునకు మంచిదనియు చెప్పదు. అయితే రుచిచూచుట వేరు, త్రాగుట వేరు. ఆ విద్యను వృత్తిగా గలవారు గుక్కెడు నోట నుంచుకొని, పరిశీలించి, ఉమిసివేయుదురు. ఒక దేశపు రైతు కొండచరియపై పండించిన పంటను గూర్చి న్యాయముగా మాటాడుట సంస్కృతికి వెలియని మేమెంతమాత్రము ఒప్పుకొనము.

ఇక రెండవవారు. "జర్మను తెల్ల వైను తీపి నీళ్ళు" అను మాట నేడు మన పట్టణములలో పెద్ద హోటళ్ళకు పోయివచ్చు ప్రతి యువకుని నాలుకపైనను ఉన్నది. ఆ మాట తప్పు. తప్పు మాత్రమేకాదు, అరువు తెచ్చుకొన్న మాట. దానిని పలుకువారిలో పెక్కురు ఆ వైనును రుచిచూడనేలేదు. ఒక మంచి యింటిపేరు తగిలించుకొని వచ్చిన మరియొక సరకును రుచిచూచిరి. మన పెద్దల సామెత యున్నది గదా: ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు. కంపును జూచి కస్తూరిని నిందించుట ఏ న్యాయమని మా ప్రశ్న.

మా సంగతి కొంత చెప్పవలెను. మా వంశమువారు గోదావరి తీరమునుండి చెన్నపట్టణమునకు వచ్చి అయిదు తరములైనది. మెట్రిక్ ముగించి, 1979లో రేవు సమీపముననున్న ఒక క్లియరింగు ఏజెంటు కార్యాలయమున గుమాస్తాగా చేరి, 2016లో విరమించితిమి. ఓడలలో వచ్చు సరకుల ఇన్వాయిసులను చూచి కస్టమ్సువారికి సమర్పించు బిల్లులను తయారుచేయుట మా పని. మొదట టైపు యంత్రముతో, పిదప కంప్యూటరుతో. హోటళ్ళవారికి వచ్చు వైను పెట్టెలు మా బల్లమీదికే వచ్చెడివి. ఫ్రెంచి పేర్లు పొట్టివి. జర్మను పేర్లు మూరెడు పొడవు. ఊరి పేరు, తోట పేరు, ద్రాక్షజాతి, పండు పక్వమెంతయో తెలుపు మాట, సంవత్సరము, పరీక్ష సంఖ్య: ఇన్ని యుండెడివి. మా హెడ్ గుమాస్తాగారు, "ఇంత పేరెందుకయ్యా? జర్మన్ వైట్ వైన్ అని వ్రాసి పంపించుము" అనెడివారు. మేము మాత్రము మొత్తము వ్రాసెడివారము. అది పాండిత్యము కాదు, గుమాస్తాతనము. ఒక అక్షరము పోయినచో ఒక పెట్టె పోవునని భయము.

అట్లు వ్రాయగా వ్రాయగా మాకొక సంగతి బోధపడినది. జర్మను వైను పేరు మన తెలుగువారి పేరువంటిది. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. ఇంటిపేరు తరచుగా ఒక ఊరి పేరు. వారి సీసాపైనను అంతే: "నీర్‌స్టైనర్ పెట్టెన్‌టాల్" అనగా నీర్‌స్టైన్ గ్రామమునకు చెందిన పెట్టెన్‌టాల్ అను తోట. "వేలెనర్ సొన్నెన్‌ఊర్" అనగా వేలెన్ గ్రామపు సొన్నెన్‌ఊర్ తోట. నీడను బట్టి పొద్దు తెలుపు గడియారమొకటి ఆ చరియపై నున్నందున ఆ పేరు వచ్చినది. పేరు చదివినవానికి ఏ యూరో, ఏ చరియయో తెలియును. ఇంతటి నిజాయతీగల పేర్లు ఏ వస్తువునకు గలవని మేము సంతోషించెడివారము.

ఆ సంతోషము 2004 వరకు నిలిచినది. ఆ యేట ఒకానొక హోటలువారు తమ సరకు త్వరగా విడిపించినందులకు మా కార్యాలయమువారిని ఒక రుచిచూచు సభకు పిలిచిరి. అచట మంచి కోటు తొడిగిన యొక పెద్దమనిషి వరుసగా సీసాలు తెరచి వ్యాఖ్యానించెను. జర్మను వైను వంతు రాగానే మూతి ముడిచి, "ఇది త్రాగుట తెలియనివారి కొరకు" అనెను. అందరును నవ్విరి. మేమును ఒక గుక్క పుచ్చుకొంటిమి. చక్కెర నీళ్ళలో నిమ్మకాయ పిండి మరచిపోయినట్లుండెను. సీసాపై పేరు చూచితిమి: "నీర్‌స్టైనర్ గూటెస్ డోమ్‌టాల్." నీర్‌స్టైన్! మేము ఎన్ని వందల పర్యాయములు భక్తితో వ్రాసిన ఊరు! ఆనాడు మేమును నవ్వితిమి. పదునాలుగేండ్లు ఆ పెద్దమనిషి మాటనే మేమును పలికితిమి. ఈ వ్యాసమున మేము చేయు నిందలో మొదటి పాలు మాదే.

2018లో మా కుమారుని యింట కొన్ని వారములుండుటకై జర్మనీలోని మైంట్స్ నగరమునకు పోతిమి. అచటినుండి రైన్ నది వెంబడి దక్షిణముగా కొలదిసేపు రైలులో పోయిన నీర్‌స్టైన్ వచ్చును. ఆ పేరు రైలు స్టేషను పలకపై చూచినప్పుడు, ఉత్తరములలో మాత్రమే యెరిగిన బంధువు ఎదుటపడినట్లయినది. ఊరి ప్రక్కన నదికి అభిముఖముగా ఎఱ్ఱని చరియ యొకటి యున్నది. నేల ఇటుకపొడి రంగు. చేతితో నలిపిన పెళుసుగా విరుగు ఎఱ్ఱ పలకరాయి. పెట్టెన్‌టాల్, హిప్పింగ్ మొదలగు తోటలన్నియు ఆ చరియమీదివే. ఊరిలోని గ్లోక్ అను చిన్న తోట పేరు 742వ సంవత్సరపు దానపత్రముతో ముడిపడి యున్నది; జర్మనీలో పేరు నమోదైన తోటలలో అదియే మిక్కిలి ప్రాచీనమని చెప్పుదురు. ఒక రైతు ముంగిట హిప్పింగ్ తోటలోని రీస్లింగ్ ద్రాక్షతో చేసిన వైను ఒక గుక్కెడు పోసిరి. తీపి యున్నది, కాని దానివెనుక పులుపు కత్తివలె నిలిచి, తీపిని సాగనీయక, నోరంతయు కడిగివేసినది. మ్రింగిన పిదపను చాలసేపు రుచి పోలేదు. మేము ఆ రైతును, "గూటెస్ డోమ్‌టాల్ ఈ చరియమీద ఎక్కడ?" అని కుమారునిచేత అడిగించితిమి. ఆయన నవ్వి, నదికి వెనుకవైపు, కనుచూపు మేరకు అవతల, చేయి చూపెను.

విషయమేమనగా: 1971లో జర్మనీలో క్రొత్త వైను చట్టము వచ్చినది. అంతకు పూర్వము సుమారు 30,000 తోటల పేర్లుండెను. అన్ని పేర్లు ఎవరు గుర్తుంచుకొందురని వాటిని కలిపి కుదించి సుమారు 2,600 చేసిరి. అంతటితో నిలిచినను కొంత మేలు. దానిపైన "గ్రోస్‌లాగె" అను పెద్ద విభాగములను ఏర్పరచి, పలు గ్రామముల తోటలను ఒక పేరు క్రిందికి తెచ్చి, ఆ పేరుకు ముందు ఒక ప్రసిద్ధ గ్రామపు పేరు తగిలించుకొనుటకు అనుమతించిరి. గూటెస్ డోమ్‌టాల్ అట్టిది. అందులో నీర్‌స్టైన్ గ్రామపు నేల మిగుల కొంచెము. మిగిలినదంతయు వెనుకనున్న పదికి పైగా గ్రామములది. మోజెల్ నదీతీరమున "పీస్‌పోర్టర్ మిఖేల్స్‌బెర్గ్" అనునదియు అంతే. పీస్‌పోర్ట్ గ్రామపు నిజమైన కీర్తి గోల్డ్‌ట్రోప్‌ఖెన్ అను చరియది. మిఖేల్స్‌బెర్గ్ అను పేరు చుట్టుప్రక్కల ఊళ్ళ పంటకంతటికిని చెల్లును. సీసాపై రెండు పేర్లును ఒకే మాదిరిగా నుండును. ఏది ఒక తోటయో, ఏది పది ఊళ్ళ కలగాపులగమో కొనువానికి తెలియు మార్గములేదు. చట్టమే దొంగ యింటిపేరునకు ముద్రవేసి యిచ్చినది!

దీనికి వారు చెప్పు సమాధానము మేమెరుగుదుము: "పేర్లు కఠినములు, విదేశీయులు పలుకలేరు, వ్యాపారమునకు సౌలభ్యము కావలె." మెట్రిక్ చదివిన చెన్నపట్టణపు గుమాస్తా ఆ పేర్లను ముప్పదియేడేండ్లు తప్పులేక వ్రాయగలిగెను గదా! చదువరి బద్ధకమునకు పంటను దండించుట న్యాయమా? సౌలభ్యము పేర జరిగినదేమి? త్వరగా పండి విరివిగా కాయు మ్యూలర్-తుర్గౌ వంటి జాతులను మైదానములలో నాటిరి. ఆ వైనులో పులియని తీపి ద్రాక్షరసము కలిపిరి. వోర్మ్స్ నగరములోని ఒక దేవాలయపు తోటనుండి పుట్టిన "లీబ్‌ఫ్రౌమిల్ష్" అను పేరును నాలుగు ప్రాంతముల సరకుకు అంటించి ఓడలకెక్కించిరి. తీపియే గుణమని లోకమును నమ్మించిరి. 1985లో ఆస్ట్రియా వైనులలో చిక్కదనమును తీపిని పెంచుటకై డైఎథిలీన్ గ్లైకాల్ అను రసాయనమును కలిపినట్లు బయటపడినపుడు, జర్మనీలో సీసాలకెక్కిన కొన్ని వైనులలోను అది కనబడెను. కీర్తిని సంపాదించినవారు చరియలపై నడుము వంచినవారు, అమ్ముకొన్నవారు వేరు, అపకీర్తి మోసినవారు మరల చరియలవారే.

ఆ కీర్తి సామాన్యమైనది కాదు. రీస్లింగ్ అను పేరు మొదట కనబడునది ఏ కవి కావ్యములోను కాదు. 1435లో ర్యూసెల్స్‌హైమ్‌లో ఒక ప్రభువు కొలువులో వ్రాసిన లెక్కల పద్దులో! రీస్లింగ్ మొక్కల కొరకు 22 షిల్లింగులని వ్రాసినాడు ఆనాటి గుమాస్తా. ఆయన "ద్రాక్ష మొక్కలు" అని వ్రాసి ఊరకున్నచో ఆ జాతి పుట్టుపూర్వోత్తరములు మనకు దక్కియుండెడివి కావు. మా హెడ్ గుమాస్తాగారికి ఈ సంగతి చెప్పుటకు వీలులేకపోయెనని మా చింత. మరియొక కథ ష్లోస్ యోహానిస్‌బెర్గ్ అను తోటది. 1775లో పంట కోయుటకు ఫుల్డాలోని ధర్మాధికారి అనుమతి తేవలసిన దూత చాల ఆలస్యముగా వచ్చెననియు, ఈలోగా పండ్లకు బూజుపట్టి ముడుతలు పడెననియు, వాటితో చేసిన వైను అమృతమువలె నుండెననియు చెప్పుదురు. కచేరీలో కాగితము ఆలస్యమై లోకమునకు మేలు కలుగుట ఇదొక్కటియే కాబోలు! పందొమ్మిదవ శతాబ్ది చివర లండను వర్తకుల పట్టికలలో రైన్ వైనులు ఫ్రాన్సు దేశపు ఉత్తమమైన బోర్దో వైనులతో సమానమైన ధర పలికినవి, కొన్ని మించినవి. హోఖ్‌హైమ్ అను ఊరి పేరునుండియే ఇంగ్లీషువారు రైన్ వైనునంతటిని "హాక్" అని పిలిచిరి. ఇంతటి వంశమును మన యువకులు "పానకము" అని కొట్టివేయుదురు.

ఇప్పుడు ఆ తీపి సంగతి. మా అమ్మగారు ముక్కల పులుసు కాచునపుడు చివర ఒక చిన్న బెల్లపు ముక్క వేసెడివారు. పొరుగింటి తమిళ ముత్తైదువ, "పులుసులో తీపి ఏమిటమ్మా?" అని నవ్వెడిది. "తీపి కొరకు కాదమ్మా, పులుపు నిలుచుటకు" అని అమ్మగారు చెప్పెడివారు. జర్మను రీస్లింగ్ రహస్యమంతయు ఆ మాటలో నున్నది. మోజెల్, రైన్ ప్రాంతములు భూమధ్యరేఖకు సుమారు 50 డిగ్రీల ఉత్తరమున నున్నవి. అంత చలిలో ద్రాక్ష మెల్లగా పండును. పండినను పులుపు పోదు. అందుకే వారు నదికి వాలియున్న నిట్టచరియలు వెదకిరి. మోజెల్ తీరమున బ్రెమ్ గ్రామపు కాల్మాంట్ చరియ వాలు 60 డిగ్రీలకు మించును. పలకరాళ్ళు పగటి వేడిని పట్టియుంచి రాత్రి పండ్లకిచ్చును. హైదరాబాదు ప్రాంతపు అనాబెషాహి ద్రాక్ష నెరిగినవారు ఆ పెద్ద పండును తలచుకొని రీస్లింగ్‌ను ఊహింపరాదు. ఇది చిన్న పండు; తినుటకు కాదు, పిండుటకు.

రసము పులియునపుడు అందలి చక్కెర ఆల్కహాలుగా మారును. లీటరునకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిసినచో నూటికి ఒక పాలు ఆల్కహాలు కలుగునని లెక్క. పులియుట నడుమ ఆగినచో కొంత చక్కెర మిగులును. మోజెల్ ప్రాంతపు తీపి "కాబినెట్" వైనులో లీటరునకు 40 గ్రాముల చక్కెర మిగిలియుండవచ్చును. కాని పులుపు 8 గ్రాములవరకు నుండుటచే నాలుకకు అది తేలికగా తోచును. ఆల్కహాలు నూటికి 8 పాళ్ళ చుట్టుప్రక్కల మాత్రమే. పులుపు చాలని నేలలో పండిన ద్రాక్షకు అంత చక్కెర మిగిల్చినచో అది నిజముగా పానకమే యగును. ఆ హోటలులో మాకు పోసినది అదియే. కావున "తీపి గలదా?" అను ప్రశ్న సరియైనది కాదు. "ఈ తీపిని మోయగల పులుపు గలదా?" అని అడుగవలెను.

మరియొక అజ్ఞానమును ఇచటనే ఖండింపవలెను. "ష్పేట్‌లేజె" అనగా తీపి వైను, "ఔస్‌లేజె" అనగా మరింత తీపి వైను అని నేర్చుకొన్నవారు పెక్కురు. ఆ మాటలు కోసిననాటి పండులో చక్కెర ఎంతయో తెలుపును. సీసాలో మిగిలినదెంతయో తెలుపవు. "ట్రోకెన్" అని యున్నచో అది పొడి వైను: చక్కెర లీటరునకు 4 గ్రాములు, పులుపు తగినంత యున్నచో 9 గ్రాములవరకు మాత్రమే. "ష్పేట్‌లేజె ట్రోకెన్" అని రెండు మాటలును ఒకే సీసాపై నుండవచ్చును. ఏమియు తెలియనివారికి ఒక సులభోపాయము: ఆల్కహాలు అంకె చూడుడు. 8 అని యున్న రీస్లింగ్‌లో తీపి మిగిలినది. 12 లేక 13 అని యున్నచో దాదాపుగా అంతయు పులిసినది. జర్మనీలో తమ యింట వారు నేడు త్రాగునది ఎక్కువగా ఈ పొడి వైనులే. "జర్మను వైను అనగా తీపి" అను మాట ఈ విధముగను తప్పే.

రుచిచూచు క్రమమును మాకు తెలిసినంత చెప్పెదము. వైను చల్లగా నుండవలెను గాని మంచుగడ్డవలె నుండరాదు. 8 మొదలు 10 డిగ్రీలు చాలును. మరీ చల్లబరచినచో వాసన నిద్రపోవును. కాడగల గాజు పాత్రను కాడవద్దనే పట్టుకొని మూడవవంతుకు మించకుండ పోయవలెను. మొదట రంగు: పడుచు వైనుకు ఆకుపచ్చ ఛాయ, ముదిరినదానికి బంగారు ఛాయ. పిదప పాత్రను మెల్లగా త్రిప్పి వాసన చూడవలెను. పడుచు రీస్లింగ్‌లో నిమ్మ, సీమరేగు, పీచుపండు వాసనలు తోచును. ఏండ్లు గడచినదానిలో కిరసనాయిలు వాసనవంటిది వచ్చును, పాడైనదని పారబోయకుడు. అది ఆ జాతి లక్షణము. దానిని కోరి కొనువారు గలరు. తరువాత చిన్న గుక్క నోట పట్టి, నాలుక నలుమూలలకు త్రిప్పి, తీపి ముందు వచ్చినదా, పులుపు వెనుక నిలిచినదా అని గమనింపవలెను. మ్రింగినను ఉమిసినను, పిదప రుచి ఎంతసేపు నిలుచునో మనసులో అంకెలు లెక్కింపవలెను. అయిదు లెక్కించులోపల పోయినది సామాన్యము. ఇరువది దాటి నిలిచినది ఉత్తమము. ఇది మా సొంత లెక్క. గుమాస్తాకు లెక్క లేనిదే రుచియు తెలియదు. కారపు కూర తినువారికి మరియొక మాట: అధికమైన ఆల్కహాలు కారపు మంటను పెంచును, కొంచెము తీపి, తక్కువ ఆల్కహాలు గల రీస్లింగ్ దానిని అణచును. ఆ కోటు పెద్దమనిషి మెచ్చిన బరువైన ఎఱ్ఱ వైనును గుంటూరు మిరపకాయ ప్రక్కన పెట్టి చూచిన యెడల ఎవరికి త్రాగుట తెలియదో తెలియవచ్చును.

సీసాను చదువుటయు రుచిచూచుటలో భాగమే. గుణపరీక్షకు నిలిచిన ప్రతి జర్మను వైను సీసాపైనను ఒక పరీక్ష సంఖ్య యుండును. దాని చివరి అంకెలు పరీక్ష జరిగిన సంవత్సరమును తెలుపును. మన ఫైలు సంఖ్యవంటిదే. 1910లో ఏర్పడిన ఉత్తమ ద్రాక్షతోటలవారి సంఘమొకటి గలదు. ఆ సభ్యుల సీసా మెడపై గరుడపక్షి రొమ్మున ద్రాక్షగుత్తి యుండును. గ్రోస్‌లాగె పేర్ల విషయమున జర్మనులే తమ తప్పు దిద్దుకొనుచున్నారు. 2021లో నియమములు మారినవి. 2026 పంట మొదలు అట్టి పేర్లకు ముందు "రెగియోన్" అను మాట ఉండవలెనని విధించిరి. యాబదియేండ్లకు మించి దొంగ యింటిపేరు చెల్లినది. ఇంకొక వంక ఎండలు ముదిరి ఆ దేశపు చలియే తగ్గుచున్నది. గడ్డకట్టిన పండ్లతో, సున్నకు దిగువ 7 డిగ్రీల చలిలో కోసి చేయు "ఐస్‌వైన్" 2019 పంటనుండి పదుమూడు ప్రాంతములలో ఎచటను దక్కలేదు. పులుపును కాపాడిన చలి తరుగుచున్న కాలమున, పులుపు తీపి తుల్యముగ నిలిచిన వైనును పరిహసించుట మా దృష్టిలో వివేకము కాదు.

ఇంతవరకు పరులను నిందించితిమి. చివరి మాట మాయింటిది. మైంట్స్‌లో మా కుమారుని గడపకు మొదట చేరిననాడు, వారి ఆచారము ప్రకారము గంట బొత్తాము ప్రక్కన ఇంటివారి వంశనామము వ్రాసియుండెను. అందు ఉన్నది మా యింటిపేరు కాదు, మా సొంతపేరు! 1990లో వానిని బడిలో చేర్చునపుడు పత్రములో పేరునకు గడులు తక్కువగా నున్నవి. ఈ నాటి వాడుక ననుసరించి తండ్రి పేరు మొదటి అక్షరము చాలునని ఇంటిపేరును మేమే, ఈ చేతితోనే, విడిచితిమి. ఆ యక్షరమే పాస్‌పోర్టులో విడదీయబడి మా పేరై, పరదేశమున వాని వంశనామమైనది. వాని పిల్లలకును అదియే. గోదావరి ఒడ్డున ఒక ఊరుండెననియు, అచటినుండి మేము వచ్చితిమనియు చెప్పు ఆ నాలుగక్షరములు ఎచటను లేవు. పరాయి రైతు తోట పేరులో ఒక్క యక్షరము పోనీయని గుమాస్తా తన యింటిపేరును సౌలభ్యము కొరకు పోగొట్టుకొనెను. జర్మను శాసనకర్తలను తిట్టుటకు మాకెంత అధికారమున్నదో మీరే తీర్పుడు.

కావున ఈ సంఘపు యువకులకు రెండు విన్నపములు. జర్మను తెల్ల వైనును నిందింపదలచినచో నిందింపుడు. కాని ముందుగా సీసాపై పేరు చివరివరకు చదివి, అది ఒక తోటదో పది ఊళ్ళదో తెలిసికొని, ఒక గుక్క నోట నిలిపి, ఇరువది లెక్కించి, పిదప మాటాడుడు. రెండవది: వచ్చు జూన్‌లో మీ పిల్లలను బడిలో చేర్చుదురు. పత్రములో గడులు చిన్నవిగానే యుండును. అక్షరములు చిన్నవిగా వ్రాయుడు.